మునగాలలో తేలే సంచులు

నాట్ల కాలంలో సూర్యాపేట నుంచి కోదాడ వైపు బస్సులో వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా నీళ్లే. మడులన్నీ నింపి, దమ్ము చేసి, నాటు ఇంకా పడని ఆ కొద్ది రోజులూ ఆకాశం నేల మీద పరుచుకుని ఉంటుంది. పొద్దున్నే కిటికీ పక్కన కూర్చుని కళ్లు సగం మూస్తే బస్సు రోడ్డు మీద కాకుండా నీళ్ల మీద పోతున్నట్టే ఉండేది నాకు. కరెంటు స్తంభాలు, కొంగలు, మేఘాలు, అన్నీ తలకిందులుగా నా పక్కనే వచ్చేవి. కండక్టర్ మునగాల అని కేకేస్తే ఉలిక్కిపడి దిగేదాన్ని.

అక్కడ దాబాల వరుస దాటాక, రోడ్డుకు కాస్త లోపలగా, రేకుల కప్పుతో ఒక పొడవాటి షెడ్డు ఉంది. ఒకప్పుడు అందులో ధాన్యం బస్తాలు వేసేవాళ్లు. నేను పనిచేసేది అక్కడే.

సముద్రం మీద తిరిగే హెలికాప్టర్లకు కాళ్ల దగ్గర మడతపెట్టి కట్టిన సంచులు ఉంటాయి. నీటి మధ్య చమురు తీసే చోటికి పనివాళ్లను తీసుకెళ్లే హెలికాప్టర్ ఎప్పుడైనా దారిలో నీళ్ల మీద దిగాల్సి వస్తే, పైలట్ మీట నొక్కగానే సిలిండర్లోని గాలి దూసుకొచ్చి ఆ సంచులు కళ్లు మూసి తెరిచేలోగా ఉబ్బుతాయి. లోపలి మనుషులు బయటపడేదాకా హెలికాప్టర్‌ని అవే మోస్తాయి. ఆ సంచుల్నీ, వాటి సిలిండర్లనీ, గొట్టాలనీ కడిగి, ఆరబెట్టి, ఉప్పు ఎక్కడైనా తినేసిందేమో చూడటం మా పని.

సముద్రానికి ఇంత దూరంలో ఈ పనేమిటని మా బంధువులంతా అడుగుతారు. మా సారుది కోదాడ. తీరంలో హెలికాప్టర్ల దగ్గర చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాక, సొంత ప్రాంతంలోనే ఏదైనా పెట్టాలనుకున్నారు. సముద్రం ఒడ్డున కూర్చుని ఉప్పు తుడవడమంటే వానలో నిలబడి తల తుడుచుకోవడమేనని ఆయన వాదన. ఇక్కడైతే గాలి పొడిగా ఉంటుంది, హైవే వాకిట్లోనే ఉంది. అనుమతులు రావడానికే చాలాకాలం పట్టిందట. ఊరి పేరు మీద ఆయనకు ఒక సరదా మాట ఉండేది. "ఊరేమో మునగాలా అని అడుగుతోంది, మనం వద్దు వద్దని సంచులు కడుతున్నాం" అని కొత్తవాళ్లందరికీ చెప్పి, తానే ముందు నవ్వేవారు.

నేను డిప్లొమా చేసి, హైదరాబాద్‌లో విమానాల పని నేర్చుకుని, పెళ్లయ్యాక సూర్యాపేటకు తిరిగొచ్చినదాన్ని. ఇక్కడ ఇలాంటి ఉద్యోగం దొరుకుతుందని కలలో కూడా అనుకోలేదు. సముద్రాన్ని చూసింది చిన్నప్పుడు ఒక్కసారి, అదీ స్కూలు వాళ్లు తీసుకెళ్తే. కానీ తీరం నుంచి వ్యాను వచ్చి, పెట్టెలు దింపి మూతలు తీస్తే షెడ్డంతా సముద్రం వాసన కమ్ముకునేది. బయట వరిపొలాల బురద వాసన, లోపల చేపల వాసనలాంటి, తడి ఇనుము వాసనలాంటి ఇంకేదో. సంచుల మడతల్లో ఉప్పు పలుకులు మెరిసేవి. ఒకసారి మినపగింజంత గవ్వ దొరికింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

తుప్పు అంటే ఎర్రగా ఉంటుందనుకుంటాం. అల్యూమినియానికి పట్టేది తెల్లగా, విభూతిలా ఉంటుంది. కరెంటు తీగల కొసల్లో పచ్చగా మొలుస్తుంది. ఉక్కుకు మాత్రం మనకు తెలిసిన రంగే. సంచికి గాలి ఎక్కించే చోట లోహపు చట్రం ఒకటి ఉంటుంది. దాని అంచు కింద, గుడ్డకూ లోహానికీ మధ్య, చిన్న అద్దం పెట్టి, టార్చి వేసి, భూతద్దంతో చూడాలి. తెల్లపొడి కనిపిస్తే మెత్తని పీచుతో తుడిచి, కింద గుంట పడిందా, పడితే ఎంత లోతని కొలవాలి. గుంట లోతు హద్దు దాటితే ఆ సంచికి ఇక ఆకాశం లేదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘడియ వేరే ఉండేది. సంచిలో గాలి నింపి, ఎక్కడైనా కారుతుందేమో చూడటానికి అలా వదిలేస్తాం. షెడ్డులో వేడి మారితే లోపలి ఒత్తిడి కూడా మారుతుంది కాబట్టి తలుపులు మూసేస్తాం, ఫ్యాన్లు ఆపేస్తాం. ఇక చేసేదేమీ ఉండదు, కూర్చోవడమే. పసుపుపచ్చని పెద్ద సంచి షెడ్డు మధ్యలో కడుపు నిండిన జంతువులా పడుకుని ఉంటుంది. రేకుల సందుల్లోంచి ఎండ కర్రల్లా దిగుతుంది. అందులో ధూళి పైకీ కిందికీ తేలుతుంటుంది. హైవే మీద లారీల చప్పుడు ఎక్కడో దూరంగా, అలలు వచ్చి పోతున్నట్టు వినిపిస్తుంది. ఆ నిశ్శబ్దంలో ఎన్నోసార్లు కూర్చునే కల కన్నాను. ఆ సంచి మెల్లగా లేచి, తలుపులోంచి బయటికి వచ్చి, పొలాల మీదుగా సాగిపోతున్నట్టూ, నాట్లేసే ఆడవాళ్లు నడుములెత్తి చూస్తున్నట్టూ.

ఈ పనిలో ఒక విచిత్రం ఉంది. మేము చూసి పంపినవి ఎప్పటికీ వాడకుండా ఉండాలనే మా కోరిక. చాలావరకు అలాగే జరుగుతుంది. మడతల్లో వెళ్తాయి, మడతల్లోనే తిరిగొస్తాయి.

ఒక వానాకాలం మాత్రం అలా జరగలేదు. వ్యాను వచ్చినరోజు సారు పెట్టెల పక్కన నిలబడి, వీటికి పని పడిందని చెప్పారు. ఒడ్డుకు తిరిగొస్తున్న ఒక హెలికాప్టర్ ఇంజన్ ఆగి సముద్రం మీద దిగిందట. సంచులు విచ్చుకున్నాయి. పడవ వచ్చేదాకా అది తేలుతూనే ఉంది. అందరూ బతికారు. తర్వాత వాటిని విప్పి, సరిగ్గా కడగకుండానే కొన్నాళ్లు పడేసి, ఇప్పుడు మాకు పంపారు.

నేను మొదటి సంచిని బల్ల మీద పరిచాను. ఎడమవైపు ముందుది. దాని చీటీ మీద అంతకుముందు ఎవరు పరీక్షించారో రాసి ఉంటుంది. ఉన్నది నా పొట్టి సంతకమే. చాలాసేపు దాన్నే చూశాను. ఆ రోజు ఎలాంటిదో గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించాను. వాన పడిందా? నేనేం తిన్నాను? ఇంట్లో ఎవరితోనైనా గొడవపడి వచ్చానా? ఏమీ గుర్తుకు రాలేదు. ఒక హెలికాప్టరెడు మనుషుల ప్రాణాలు ఆనుకుని ఉన్న రోజు, నా బతుకులో ఒక మరక కూడా లేకుండా ఎటో పోయింది.

సంచుల్ని మంచినీళ్లలో కడిగి ఆరేసిన వారంలోనే, ఒక మధ్యాహ్నం గేటు దగ్గర ఒక జంట నిలబడి ఉండటం చూశాను. ఆయనకు నలభై దాటి ఉంటాయి. ఆమె చేతిలో గుడ్డసంచి. లోపలికి రావాలో వద్దో తెలియనట్టు చాలాసేపు అక్కడే ఉన్నారు. నేను వెళ్లి ఏం కావాలని అడిగితే ఆయన నేల చూస్తూ చెప్పాడు.

"గా హెలికాప్టర్ల నేనుంటి మేడం. గా సంచుల్ని ఒక్కసారి సూసి పోదామని వచ్చిన."

ఆయనది నేరేడుచర్ల పక్కన పల్లె. సముద్రం మధ్య ప్లాట్‌ఫారం మీద వంటమనిషి. కొన్ని వారాలు అక్కడ, కొన్ని వారాలు ఇంటి దగ్గర. సంచులు ఎక్కడికి వెళ్లాయని తీరంలో అడిగితే, మీ వైపే, మునగాలకే పోయాయని అక్కడి స్టోరు మనిషి చెప్పాడట. ఆ మాట విన్నప్పటి నుంచి ఈయనకు మనసు నిలవలేదు. భార్య తానూ వస్తానంది. హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వచ్చి, అక్కడ బస్సు మారి దిగారు.

బయటివాళ్లు షెడ్డులోకి రాకూడదు. సారు ఒక క్షణం ఆలోచించి, చెప్పులు విప్పి రమ్మన్నారు. ఏదీ ముట్టుకోవద్దని మాత్రం మెల్లగా చెప్పారు.

ఎడమ ముందు సంచిలో గాలి నింపడం అప్పుడే పూర్తయింది. ఆయన దాన్ని చూసి ఆగిపోయాడు. ఇదేనని మేము చెప్పలేదు, ఆయనే గుర్తుపట్టాడు. గాలి కొట్టే చట్రం పక్కన అతుకు వేసిన గుర్తు ఒకటి ఉంది, నాలుగు మూలల చిన్న ముక్క. తన కిటికీలోంచి సరిగ్గా అదే కనిపించిందట. పరీక్ష మొదలుపెడుతూ సారు తలుపులు మూయించి, ఉండాలంటే కదలకుండా కూర్చోవాలన్నారు. చాప వేశాం. భార్యాభర్తలిద్దరూ గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఆ నిశ్శబ్దంలో, ఎవరూ అడగకుండానే, ఆయన లోగొంతుకతో చెప్పుకుంటూ వచ్చాడు.

ఇంటికి వచ్చే రోజట. కునుకు పట్టబోతుండగా ఇంజన్ చప్పుడు మారింది. పైలట్ ఏదో చెప్పాడు, అర్థం కాలేదు. దుప్పటి చింపినట్టు ఒక చప్పుడైంది, తర్వాత నీళ్లు తగిలాయి. ఆ తర్వాత ఆయనకు బాగా గుర్తున్నది నిశ్శబ్దమే. రెక్కలు ఆగిపోయాక అంత పెద్ద సముద్రం మీద ఒకే ఒక్క చప్పుడు, నీళ్లు ఆ సంచిని మెల్లగా తడుతున్న చప్పుడు. అందరూ దేవుణ్ని తలుచుకుంటుంటే ఈయన మాత్రం కిటికీలోంచి ఆ అతుకునే చూస్తూ కూర్చున్నాడు. అది నీటిపైన ఉన్నంతసేపూ తానూ ఉంటానని అనుకున్నాడు.

పరీక్ష అయిపోయింది. గాలి తగ్గలేదు. నేను అద్దం, టార్చి తీసుకుని చట్రం దగ్గర వంగాను. సంచి మడతలో ఉన్నప్పుడు కనిపించని అంచు, ఉబ్బినప్పుడు కొంచెం తెరుచుకుంటుంది. అక్కడ తెల్లపొడి ఉంది. తుడిస్తే కింద గుంటలు. కొలిచాను, మళ్లీ కొలిచాను. సారును పిలిస్తే ఆయన కూడా చూసి, కళ్లద్దాలు తీసి, తల అడ్డంగా ఊపారు. ఆ సంచి ఇక పనికిరాదు.

చాప మీది నుంచి వంటమనిషి లేచి నా పక్కకు వచ్చాడు. ఏమైందని అడిగితే చూపించాను. భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు.

"ఇది గా రోజే పోతుండెనా అక్కా?" అని అడిగాడు. మేడం అక్క ఎప్పుడైందో నేను గమనించలేదు.

లేదు, అలాంటిదేమీ లేదు అనడం తేలిక. అనబోయాను కూడా. ఆయన ముఖం చూస్తే నోరు రాలేదు.

"ఉప్పునీళ్లల్ల తడిసి, కడగకుండ పడి ఉన్నప్పుడు తిన్నదే ఎక్కువ" అన్నాను. "అంతకుముందు ఎంత ఉండెనో నాకు తెల్వదు తమ్మీ. ఏడాది కింద దీన్ని చూసి పంపింది నేనే. అప్పుడు నా కండ్లకు ఏం కనపడలే. గా రోజు మాత్రం పట్టింది. నేను చెప్పగలిగేది గంతే."

"నువ్వే చూసినవా?"

చీటీ చూపించాను. ఆయన దాని మీద వేలు పెట్టి, చదువుతున్నట్టు మెల్లగా జరిపాడు. ఏమంటాడో అనుకున్నాను. ఆయన ఒక పెద్ద ఊపిరి వదిలి, "అందరు ఏం కాలేదు గదా, ఏం కాలేదు గదా అంటరు. తెల్వదు అన్నది నువ్వొక్కదానివే" అన్నాడు.

సారు సంచి వైపు చేయి చూపి, "ఇక ఇది ఏ హెలికాప్టరూ ఎక్కేది కాదు. కావాలంటే ఆనుకుని కూర్చోండి, ఏం ఫర్వాలేదు" అన్నారు.

వంటమనిషి ముందుగా అరచేయి ఆనించాడు. తర్వాత వీపు. చాప మీద కాళ్లు చాపి, తల వెనక్కి వాల్చాడు. సంచి ఆయన బరువుకు కొంచెం లోపలికి ఒదిగి, మళ్లీ నెట్టి, నిలబడింది. కాసేపటికి ఆయన నోరు కొద్దిగా తెరుచుకుంది. నిద్రపోయాడు.

ఆయన భార్య అటు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది. నేనూ వెళ్లాను. దాబా నుంచి తెప్పించిన టీ గ్లాసు ఆమె చేతిలో పెట్టి, జర కూర్చోమన్నాను. మెట్ల మీద కూర్చుంది. వాన రాబోతున్న గాలి వీస్తోంది. ఎదురుగా నాటేసిన మడి మీద చిన్న చిన్న అలలు అటునుంచి ఇటు పరుగెత్తి వస్తున్నాయి.

"వచ్చినకాంచి నిద్ర లేదక్కా ఆయనకు. పండుకుంటడు గని కన్ను మూయడు. మూస్తే మంచం ఊగుతదంట" అంది. చుట్టాలంతా వచ్చి, బతికినవ్ కదా ఇంకేంది అని వెళ్లారట. మిర్యాలగూడలో ఉండే ఆమె అన్న దవాఖానకు తీసుకెళ్తే మాత్రలిచ్చారు, అవీ పనిచేయలేదు. మళ్లీ సముద్రం పనికి పొమ్మని చెప్పడానికి తనకు మనసు రాదు, పోవద్దంటే ఆయన ఒప్పుకోడు. ఇంట్లో ఇద్దరూ ఆ మాటే ఎత్తకుండా దాని చుట్టూ తిరుగుతున్నారు. "నేను గూడ పరేషానే. ఆయన ముంగట ఏడ్వలేను, ఎన్క ఏడ్వలేను" అంది. టీ చల్లారిపోయింది. నేను ఆమె పక్కనే కూర్చున్నాను.

వాన వచ్చింది. రేకుల మీద అంత పెద్ద చప్పుడుకు కూడా ఆయన లేవలేదు. మేము మిగతా పనంతా ఆయన చుట్టూనే, మునివేళ్ల మీద నడుస్తూ చేసుకున్నాం. ఎవరైనా పానా కింద పెడితే గుడ్డ వేసి పెట్టారు. ఆ షెడ్డులో అంత మెత్తగా పని జరగడం నేను మళ్లీ చూడలేదు. పసుపు సంచి, దానికి ఆనుకున్న మనిషి, పైన వాన. అందరం కలిసి ఎక్కడికో తేలిపోతున్నామనిపించింది. కోదాడ, మునగాల, సూర్యాపేట, అన్ని ఊళ్లూ తాళ్లు విప్పుకుని నెమ్మదిగా కదిలినట్టు.

పొద్దుగూకే ముందు ఆయనే లేచాడు. ఎక్కడున్నాడో కాసేపు తెలియలేదు. తెలిశాక సిగ్గుపడి, అందరికీ దండం పెట్టాడు. సంచిలోంచి గాలి వదలాల్సిన సమయం అయింది. నేను మూత తిప్పితే సన్నని చప్పుడుతో గాలి పోతూ ఉంది, పోతూ ఉంది. ఆయన వచ్చి ఒక కొస పట్టుకున్నాడు. వంటశాలలో పెద్ద పెద్ద గుడ్డలు మడతపెట్టే అలవాటున్న చేతులేమో, మా అందరికన్నా చక్కగా మడిచాడు. పనికిరాని వాటిని కోసి పారేస్తామని ఆయనకు చెప్పలేదు, ఆయన అడగలేదు. భార్య తెచ్చిన గుడ్డసంచిలోంచి సకినాలు తీసి మాకు పంచింది. కోదాడ బస్సు వచ్చేదాకా సారు వాళ్లతో రోడ్డు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డారు.

ఆ తర్వాత కొన్నాళ్లు నాకు ఒక పిచ్చి పట్టింది. పరీక్షించిన ప్రతి సంచినీ గుర్తుపెట్టుకోవాలని, ఆ రోజు వాతావరణం, తిన్న కూర, బస్సులో పక్కన కూర్చున్న మనిషి, అన్నీ మనసులో వల్లించుకునేదాన్ని. ఒకటి రెండు వారాలకే అన్నీ కలిసిపోయేవి. సారుకు చెబితే ఆయన నవ్వలేదు. "గుర్తుండిపోయిందంటే ఆ రోజు ఏదో గడబిడ అయినట్టమ్మా. మరిచిపోయావంటే సరిగ్గా చేశావనుకో" అన్నారు. నాకది పూర్తిగా నచ్చలేదు. కానీ వల్లించడం మానేశాను.

ఏడాది దాటాక మిర్యాలగూడలో మా ఆడబిడ్డ కూతురి పెళ్లి. ఫంక్షన్ హాల్లో భోజనాల దగ్గర, పెద్ద గరిటె పట్టుకుని వరసలు చూస్తున్న మనిషి నా ముందు ఆగిపోయాడు. కాస్త లావయ్యాడు. అప్పుడున్న గడ్డం లేదు. నేను గుర్తుపట్టేలోగానే "అక్కా" అన్నాడు. చేతికింది వాళ్లను పిలిచి, మా అక్క అని చెప్పాడు, ఏ వరసన అక్కో చెప్పకుండా.

జనం పలచబడ్డాక వంటశాల వెనక, బోర్లించిన గుండిగల పక్కన కుర్చీలు వేయించాడు. భార్య కూడా అక్కడే ఉంది. ఇద్దరూ కలిసి మిర్యాలగూడలోనే పెళ్లిళ్ల వంటలు చేస్తున్నారు. మునగాల నుంచి వెళ్లాక మెల్లగా నిద్ర వచ్చిందట, ఒకేసారి కాదు, పూటకింత. ఆ తర్వాత ఆయన మళ్లీ సముద్రానికి పోయాడని విని నేను ఆశ్చర్యపోయాను. ఆమె వద్దనలేదట. బస్టాండు దాకా తానే వచ్చి ఎక్కించిందట.

"భయమైందా?" అని అడిగాను.

"పోయేటప్పుడు అయింది. కిటికీ పక్కనే కూసున్న, కావాలనే. నీళ్లనే సూసుకుంట పోయిన" అన్నాడు. అక్కడ ఎప్పటిలాగే వండాడు. ఎప్పటిలాగే అందరూ తిన్నారు. వారాలు గడిచాయి. తిరిగొచ్చేటప్పుడు హెలికాప్టర్లో అసలు భయమే వేయలేదట. దిగి, బ్యాగు భుజాన వేసుకుని, ఇక రానని తనను పనికి పంపే మేస్త్రీకి చెప్పాడు.

"మరి భయం పోయింది కదా, ఎందుకు మానేసినవ్?"

లోపల ఎవరో సన్నాయి ఆపి, మళ్లీ మొదలుపెట్టారు.

"భయం పోయినంక సూస్తే, ఇష్టం గూడ ఎప్పుడో పోయింది అక్కా. భయం ఉన్నన్ని రోజులు అది కనపడలే."

భార్య ఆయన వైపు చూడకుండానే నవ్వి, నా విస్తట్లో డబల్ కా మీఠా తక్కువ వేశారని లోపలికి కేక పెట్టింది. నేను తినేశానని చెప్పినా వినలేదు. గిన్నెలో పెట్టి తెచ్చి చేతికిచ్చి, వేడిగా ఉంది ఊదుకుని తినమంది. తిన్నాను. ఆయన తర్వాతి పంక్తికి ఎంతమంది ఉన్నారో చూసుకోవడానికి తల వంచి గుమ్మంలోంచి లోపలికి వెళ్లాడు.